పోయిన తాళపుచెవి: మోటారు కారు బీగముల కథ

ఇంటి తాళపుచెవి పోయినచో మనము చేయు పని అందరకును తెలిసినదే. వీధి మొదట కూర్చుండు తాళముల మనిషిని పిలిపింతుము. అతడు ఆకురాయితో నాలుగు గాట్లు పెట్టి క్రొత్త చెవిని చేతికిచ్చును. కొంతకాలము క్రిందటి వరకు కారు చెవి విషయమును ఇంతే. నేడట్లు కాదు. చెవి పోయినదని వర్క్‌షాపునకు పోయినవారు, అచ్చటివారు చెప్పు గడువును, రూపాయల లెక్కయు విని, ఇంత చిన్న వస్తువునకు ఇంత రాద్ధాంతమేమని విసుగుకొందురు. ఆ రాద్ధాంతము వెనుక నూరేండ్లకు మించిన చరిత్ర యున్నది. తాళము చేయువానికిని, దొంగకును జరిగిన పందెమే ఆ చరిత్ర.

1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడు చక్రముల బండికి తాళపుచెవితో పని లేదు. ఆ ఇంజనును కదలించుటయే ఒక విద్య. ఆ విద్య రాని దొంగకు బండి చిక్కినను లాభము లేదు. తరువాత ఫోర్డు కంపెనీ వారి మోడల్ టి బండ్లు 1908 మొదలు 1927 వరకు కోటిన్నర తయారయ్యెను. బండ్లు వీధి వీధికిని చేరగా దొంగలును వాటి వెంట చేరిరి. ఆ బండిలో విద్యుత్తును కలుపు స్విచ్చికి చెవి యుండెను గాని, 1919 నుండి వచ్చిన స్విచ్చిల చెవులు రెండు డజన్ల రకములు మాత్రమే. పైగా ఏ చెవి పట్టునో ఆ సంఖ్య స్విచ్చి ముఖముననే చెక్కబడియుండెను! చెవి పోగొట్టుకొన్న వానికి అది యెంత సౌకర్యమో దొంగకును అంత సౌకర్యమే. యజమానికి సులభమైనది దొంగకును సులభమగుట యను ఈ చిక్కు ఆనాటి నుండి తాళములు చేయువారిని వదలలేదు.

1912 నాటి కాడిలాక్ కారులో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు వచ్చి చేతి హ్యాండిలు బాధ తీర్చెను. 1949లో క్రైస్లర్ వారు చెవిని త్రిప్పినంతనే ఇంజను నడచు ఏర్పాటు చేసిరి. నాటి నుండి చెవి కేవలము కాపలాదారు కాక సారథికి సహాయుడును ఆయెను. అయినను దొంగకు చెవి యక్కరలేదు. స్విచ్చి వెనుకనున్న తీగలను పెరికి రెండు కొనలు కలిపిన చాలును. దీనికి విరుగుడుగా చెవి తీసినంతనే స్టీరింగు బిగిసిపోవు తాళమును పెట్టిరి. పశ్చిమ జర్మనీలో 1961లోను, అమెరికాలో 1970 జనవరి నుండియు క్రొత్త కార్లకు ఇట్టి కట్టుబాట్లు వచ్చెను. 1986లో కార్వెట్ కారు చెవిలో ఒక చిన్న విద్యుత్ నిరోధకమును పొదిగిరి. దాని విలువ సరిపడినగాని ఇంజను కదలదు. కాని ఆ విలువలు పదునైదే! ఓపికగల దొంగ వరుసగా పరీక్షించిన నేదో ఒకటి సరిపోవును.

ఇచ్చటి నుండి కథ మన రేడియో లోకములోనికి వచ్చుచున్నది. 1990వ దశకమున చెవి తలనున్న ప్లాస్టిక్కులో బియ్యపుగింజ కన్న కొంచెము పెద్దదైన ఒక పరికరమును దాచసాగిరి. దాని పేరు ట్రాన్స్‌పాండరు. దానికి బ్యాటరీ లేదు. తాళము చుట్టునున్న తీగచుట్ట సుమారు 125 కిలోహెర్ట్‌జ్‌ల తరంగములను వెలువరించును. మన మీడియం వేవ్ ప్రసారముల కన్న ఇవి చాల దిగువనున్నవి. ఆ తరంగముల శక్తినే ఆహారముగా గైకొని చెవిలోని చిప్పు మేలుకొనును. మొదటి చిప్పులు తమ సంఖ్యను వల్లించి యూరకుండెడివి. తరువాతి వానిని కారు ప్రశ్నించును. కారు ఒక సంఖ్యను పంపగా, తమ ఇరువురకు మాత్రమే తెలిసిన రహస్య సంఖ్యతో లెక్కకట్టి చిప్పు జవాబు చెప్పును. ప్రశ్న ప్రతిసారియు మారును గనుక, పొంచి విన్నవానికి నిన్నటి జవాబు నేడు పనికిరాదు. జవాబు తప్పెనా, తీగలెన్ని కలిపినను ఇంజను నడవదు. ఈ ఏర్పాటునకే ఇమ్మొబిలైజరు అని పేరు. 1998 అక్టోబరు నుండి ఐరోపా సమాఖ్యలో క్రొత్త కార్లన్నిటికిని, 2007 సెప్టెంబరు నుండి కెనడాలోను ఇది తప్పనిసరి యయ్యెను.

అమెరికాలో అట్టి చట్టము చేయలేదు. దాని ఫలితము ఇరువది యేండ్లకు బయటపడెను. 2015 నమూనాలలో ఇతర కంపెనీల కార్లకు నూటికి 96 వంతుల ఇమ్మొబిలైజరు ఉండగా, అచ్చట అమ్మిన హ్యుందాయ్, కియా కార్లకు నూటికి 26 వంతులే యుండెను. స్టీరింగునకు తాళమున్నది, ఇంజనునకు లేదు. తాళము వేసితిని, గొళ్ళెము మరచితిని అన్నట్లే గదా! 2021లో మిల్వాకీ నగరమున కుఱ్ఱవాండ్రు ఈ లోపమును కనిపెట్టిరి. 2022లో వీడియోల మూలమున ఆ విద్య దేశమంతట ప్రాకెను. 2023 ఫిబ్రవరిలో కంపెనీలు ఎనుబది లక్షలకు పైబడిన కార్లకు ఉచితముగా మరమ్మతు ప్రకటించునాటికి, ఈ దొంగతనములతో ముడిపడిన 14 ప్రమాదములు, 8 మరణములు ప్రభుత్వము దృష్టికి వచ్చియుండెను. కెనడాలో అమ్మిన అవే కార్లకు చట్టము వలన ఇమ్మొబిలైజరు ఉండుటచే అచ్చట ఈ యుపద్రవము లేదు. ఆ చట్టము లేకుండుట యెంత ఖరీదైనదో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇంతమాత్రమున రేడియో చెవి అభేద్యమని కాదు. 2005లో అమెరికా పరిశోధకులు అట్టి చిప్పులలో ఒకదాని 40 బిట్ల రహస్యమును ఛేదించి చూపిరి. మెగామోస్ అను మరియొక చిప్పులోని బలహీనతను కనుగొన్న ముగ్గురు పండితులు దానిని ప్రకటింపకుండ, ఫోక్స్‌వాగన్ కంపెనీ కోరగా, 2013లో ఇంగ్లండు హైకోర్టు ఆపెను. ఆ వ్యాసము 2015లో గాని వెలుగు చూడలేదు. దొంగలకు తెలియరాదని కోర్టు తలచినది. కార్లు కొన్నవారికి తెలియవలసిన హక్కు లేదా యని మాకు సందేహము. ఇక జేబులో నుంచుకొన్న చాలునను నేటి చెవుల సంగతి: 2011లో జూరిక్ పరిశోధకులు ఎనిమిది కంపెనీల పది నమూనాలను పరీక్షించిరి. చెవి ఇంటిలో మేకునకు వ్రేలాడుచుండగనే, గోడ వెలుపల ఒకరును, కారు ప్రక్క ఒకరును నిలిచి తరంగములను అందించుకొనగా, పదియును తెరచుకొన్నవి.

కావున నేడు చెవి పోవుట యనగా ఇనుపముక్క పోవుట కాదు. మన కారు నమ్మిన యొక రహస్యము పరుల చేతిలో బడుట. క్రొత్త చెవి చేయించుటతో పని సగమే యగును. అందలి చిప్పును కారు కంప్యూటరునకు పరిచయము చేయవలెను, పోయిన చెవిని దాని జ్ఞాపకము నుండి తుడిపింపవలెను. మిగిలిన చెవులన్నియు ఆ సమయమున వెంట తీసికొనిపోవలెను, ఏలయన కొన్ని కార్లలో పాత చెవులన్నిటిని ఒక్కమారుగ తుడిచి, ఎదుటనున్న వానినే తిరిగి చేర్తురు. తుడిచినను, లోహపు గాట్లున్న చెవి తలుపును మాత్రము తెరువగలదు. ఇంటి చిరునామా కాగితములతోబాటు చెవి పోయినచో తలుపు బీగమును గూడ మార్పించుట మంచిది. మన దేశములో దొంగిలింపబడిన కారునకు పరిహారము కోరినప్పుడు భీమా కంపెనీలు సామాన్యముగా రెండు చెవులను అడుగును. ఒకటి పోయిన నాడే పోలీసులకు వ్రాసియిచ్చిన ఫిర్యాదు ప్రతి అప్పుడు అక్కరకు వచ్చును. పని ముగిసిన పిదప కారు ఎన్ని చెవులను గుర్తించుచున్నదో వర్క్‌షాపు వారిని అడుగవచ్చును. కొన్ని కార్లలో ఆ సంఖ్య ఎదుటి అద్దపు పలక మీదనే కనబడును.