పల్లెకు నడచివచ్చిన పుస్తకము

నేడు సూరత్తు జిల్లాలోనున్న కామ్‌రేజ్ పూర్వము బరోడా సంస్థానమున నవసారి ప్రాంతములోని తాలూకా. మూడవ శయాజీరావు గాయక్వాడ్ మహారాజుగారు 1906లో నిర్బంధ ప్రాథమిక విద్యను రాజ్యమంతట అమలుపరచిరి. కాని బడి విడిచిన బాలునకు చదువుటకు పుస్తకము లేనిచో నేర్చిన అక్షరము నిలువదు. ఈ లోపమును తీర్చుటకై 1910లో అమెరికానుండి విలియం బోర్డెన్ అను గ్రంథాలయ నిపుణుని రప్పించిరి. గ్రామస్థులు కొంత ధనము కూర్చినచో అంత మొత్తమును ప్రాంత పంచాయతియు, మరల అంత మొత్తమును ప్రభుత్వమును ఒసగెడివి. గ్రంథాలయము లేని పల్లెలకు కొయ్యపెట్టెలలో పుస్తకములు పోయెడివి. చదువురానివారికి మాజిక్ లాంతరు బొమ్మలతో బోధ జరిగెడిది.

ఆంధ్రదేశమున ఈ భారమును ప్రజలే తలకెత్తుకొనిరి. అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో 1914లో బెజవాడయందు గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగెను. 1935లో పాతూరి నాగభూషణంగారు గుంటూరు సీమ కాలువలో పడవపై గ్రంథాలయమును నడిపించిరి.

అచ్చట ప్రభువు, ఇచ్చట ప్రజలు ముందు నడచిరి. పెట్టెయైనను పడవయైనను పుస్తకమే పాఠకుని వెదకికొని పోయినది. సూరత్తులో మరమగ్గములను నమ్ముకొని బ్రదుకు తెలుగు కుటుంబముల బిడ్డలకు మాతృభాష నిలువవలెనన్న, నేడును పుస్తకము వారి వాకిటికి పోవలసియున్నది.