తిరుత్తణి సీమ వ్యాజ్యములు - మన తెలుగు దస్తావేజులు

వ్యాజ్యమున ఓడినవాడు కోర్టులోనే ఏడ్చెననియు, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చెననియు మన పెద్దల సామెత. ఆ మాటలో సత్యము లేకపోలేదు. అయినను తాతలనాటి మడిచెక్కను నిలుపుకొనుటకు న్యాయస్థానము తప్ప వేరు దారి లేని సమయములు సంసారులకు వచ్చుచునే యుండును. తిరుత్తణి, తిరువళ్లూరు ప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఈ విషయమున ఒక ప్రత్యేకమైన చిక్కు కలదు. అది పుట్టిన విధమును, దానికి మనము తీసుకొనదగిన జాగ్రత్తను ఇచట మనవి చేయుచున్నాము.

చెన్నపురి రాజధానిలో కుంఫిణీవారు 1802లో జిల్లా అదాలతులను నెలకొల్పిరి. 1816లో జిల్లా మునసబుల పదవులు ఏర్పడి, చిన్న దావాలు రైతుకు దగ్గరలోనే విచారణకు వచ్చెను. 1862లో మదరాసు హైకోర్టు వెలసెను. నేటికిని అమలులో నున్న సివిల్ ప్రొసీజరు కోడు 1908వ సంవత్సరపుది. వకీళ్లు, ప్లీడర్లు మున్నగు పలు తరగతులకు బదులు అడ్వకేటు అను ఒకే తరగతి ఏర్పడినది 1961 నాటి చట్టము వలననే.

ఇక తిరుత్తణి కథ వేరు. పూర్వము ఇది కార్వేటినగరము జమీందారీలోని భాగము; ఉత్తర ఆర్కాటు జిల్లాకు చేరియుండెను. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడగా అందు కలిసెను. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము అవతరించినను హైకోర్టు వెంటనే రాలేదు. అప్పీళ్లు మదరాసుకే పోవుచుండెను. 1954 జూలైలో గుంటూరున ఆంధ్ర హైకోర్టు వెలసెను. 1956లో అది హైదరాబాదునకు తరలెను. పిమ్మట పటాస్కరుగారి మధ్యవర్తిత్వమును అనుసరించి 1959లో పార్లమెంటు సరిహద్దుల మార్పు చట్టము చేయగా, 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి తాలూకాలో అధికభాగము మదరాసు రాష్ట్రమునకును, సత్యవేడు ప్రాంతము ఆంధ్రప్రదేశమునకును చెందెను. ఆ విధముగా తిరుత్తణి రైతు అప్పీలు ఆరేండ్లలోపల మదరాసు, గుంటూరు, హైదరాబాదు, మరల మదరాసు అని తిరిగినది. ఆ రైతు మాత్రము తన పొలము గట్టు దాటలేదు.

కోర్టు మారిన కష్టము ఆ తరముతో తీరినది. భాష మారిన కష్టము మాత్రము నేటికిని మిగిలియున్నది. విక్రయ దస్తావేజులు, భాగపత్రములు, వీలునామాలు ఎన్నియో తెలుగున వ్రాయబడియున్నవి. 1956 చట్టముచే తమిళము రాజభాష యైనది. క్రింది కోర్టులలో తమిళమే వ్యవహారభాష, ఆంగ్లమును కలదు. తమిళ పాఠశాలలలో చదివిన మన పిల్లలకు తెలుగు మాటలాడుట వచ్చును గాని, ముత్తాత చేవ్రాలు చదువుట రాదు. గుమాస్తా ఉద్యోగమున కాగితముల నడుమ కాలము గడిపిన మాకు తెలిసినంతలో, చదువరి లేని దస్తావేజు తాళపుచెవి పోయిన పెట్టెవంటిది. పెట్టె మనదే, అందలి సొమ్మును మనదే, తీయుట మాత్రము చేతకాదు.

ఇట్టి కుటుంబము వ్యాజ్యమునకు దిగునపుడు మొదట తెలిసికొనవలసినది కాలపరిమితి. 1963 నాటి చట్టము ప్రకారము, హక్కును బట్టి స్థిరాస్తి స్వాధీనమును కోరు దావాకు సాధారణముగా పండ్రెండేండ్లు, అప్పు సొమ్మునకు మూడేండ్లు గడువు. రెండవది, దావా వేయవలసిన చోటు. భూమి ఎచట నున్నదో అచటి కోర్టుననే వేయవలెను. ఒకే తగవులోని భూమి కొంత తిరుత్తణి వైపు, కొంత నగరి వైపు ఉన్నచో, రెండింటిలో ఏదో ఒక కోర్టున వేయవచ్చును. ప్రతివాదికి సమను అందిన పిమ్మట ముప్పది దినములలో జవాబు దాఖలు చేయవలెను. కోర్టువారు తగిన కారణముపై తొంబది దినముల వరకు అనుమతింతురు. సమను తీసుకొనక తలుపు మూసికొన్నంత మాత్రమున వ్యాజ్యము ఆగదు. అది ఏకపక్షపు డిక్రీకి దారితీయును.

అడ్వకేటును కుదుర్చుకొనునపుడు నోటి వాడిమి ఒక్కటే చూడరాదు. మన పక్షమున తెలుగు దస్తావేజును తానుగా చదువగలవారు, లేదా నమ్మకమైన అనువాదము చేయించువారు కావలెను. సివిల్ వ్యవహారములలో అనుభవము కలదా, వాయిదాలకు తామే హాజరగుదురా అని అడుగుట తప్పు కాదు. ఫీజు ఎంత, కోర్టు రుసుము ఎంత, బత్తా ఎంత అని వేరువేరుగా వ్రాయించుకొని రసీదు పొందవలెను. గెలిచిన ఆస్తిలో వాటా ఇత్తుమను ఒప్పందము బార్ కౌన్సిల్ నియమములకు విరుద్ధము. ఫీజు బాకీ ఉన్నదని కక్షిదారుని కాగితములను అడ్వకేటు అట్టిపెట్టుకొనరాదని 2000వ సంవత్సరమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఖర్చు భరింపలేనివారికిని, ఆస్తితో నిమిత్తము లేకుండ స్త్రీలకును 1987 నాటి చట్టము క్రింద ఉచిత న్యాయసహాయము కలదు.

మరియొక హెచ్చరిక. వకాల్తునామా వేరు, జనులు పవరు అని పిలుచు ముక్త్యారునామా వేరు. మొదటిది కోర్టులో మన తరపున వాదించుటకు ఇచ్చు అధికారము. రెండవదానిలోని మాటలను బట్టి మన భూమిని అమ్ము అధికారము సైతము పరుల చేతికి పోవచ్చును. కావున తమిళము చదువరాని పెద్దలు ఇంటివారిచే పూర్తిగా చదివించుకొని, అర్థము తెలిసికొని, ఖాళీలు లేకుండ చూచి మాత్రమే చేవ్రాలు చేయవలెను.

తెలుగు తప్ప వేరు భాష ఎరుగని సాక్షి భయపడ నక్కరలేదు. సాక్షికి తెలియని భాషలో వాఙ్మూలము వ్రాసినచో, దానిని సాక్షి పలికిన భాషలోనే వివరించి చెప్పవలెనని ప్రొసీజరు కోడు విధించుచున్నది. ముప్పది ఏండ్లు దాటిన దస్తావేజు తగిన చోటునుండి దాఖలైనప్పుడు, అందలి చేవ్రాలు నిజమైనదని కోర్టు భావింపవచ్చునని సాక్ష్య చట్టము చెప్పుచున్నది. కాబట్టి ఆ పాత తెలుగు కాగితములు చెత్త కావు.

అందుచే మన కుటుంబములవారికి మా విన్నపము ఇది. వ్యాజ్యము వచ్చువరకు వేచియుండక, తెలుగు లిపి ఎరిగిన పెద్దలు జీవించియుండగనే ఇంటిలోని దస్తావేజులను దింపి చదివింపుడు. ఏ గ్రామము, ఏ సర్వే నంబరు, ఎవరి నుండి ఎవరికి అన్న వివరములను తమిళమునను ఆంగ్లమునను వ్రాసి మూలముతో పాటు భద్రపరుపుడు. రిజిస్ట్రారు కచేరీనుండి నకళ్లు తీసికొనుడు. అన్నదమ్ముల తగవులను వీలైనచో లోక్ అదాలతులో రాజీ చేసికొనుడు. సరిహద్దు గీతను గీసినవారు మన దస్తావేజుల భాషను మార్చలేదు. దానిని చదువగల నాలుగు కన్నులను నిలుపుకొనుట మన చేతిలోని పని.