చిన్న చెల్లోకు గుర్రం: మాట మాటకూ వ్యాఖ్య

సైజు: పిల్లల చెల్లోలు ముప్పావు, సగం, పావు, ఎనిమిదో వంతు అనే పేర్లతో అమ్ముతారు. ఈ భిన్నాలను నమ్మి కొలతలు వేయకూడదు. పెద్ద చెల్లోలో మోగే తీగ పొడవు సుమారు 69 సెంటీమీటర్లు. సగం సైజులో అది 55కు పైనే ఉంటుంది. అందుకే పెద్ద గుర్రాన్ని లెక్క ప్రకారం కుదిస్తే చిన్న గుర్రం రాదు. ఆ వాయిద్యాన్ని ముందు పెట్టుకుని, దానికే చెక్కాలి.

గుర్రం: వీణ గుర్రం మీద తీగలు లోహపు రేకును ఒరుసుకుంటూ మోగుతాయి. తీగల్ని మోసే చెల్లో గుర్రం పలుచటి చెక్క, నిటారుగా నిలబడుతుంది. జిగురు వేయరు, మేకు కొట్టరు. తీగల ఒత్తిడే దాన్ని నిలబెడుతుంది.

చెక్క: కోయంబత్తూరు దగ్గర, అటవీ కళాశాల ఉన్న మేట్టుపాళయంలో చెక్క సంగతి తెలిసినవాళ్ళకు కొదవ లేదు. అయినా వీణకు పనికొచ్చే పనస గానీ, టేకు, రోజ్‌వుడ్ గానీ దీనికి వద్దు. బాగా ఆరిన మేపులే కావాలి. గట్టిదనం, తేలికదనం రెండూ దానిలో ఉన్నాయి. ఫ్రాన్సులోని మిర్‌కూర్ నుంచి వచ్చే ఓబేర్ గుర్రాలు పేరున్నవి. అవి కావాలనే మందంగా, ఎత్తుగా వస్తాయి, చెక్కేవాడి కోసం. అలా వచ్చినదాన్ని చెక్కకుండానే నిలబెట్టి పిల్లవాడి చేతికిచ్చేవాళ్ళున్నారు. అది సగం చేసిన పని.

పాదాలు: అసలు పనితనం ఇక్కడే. చెల్లో పైపలక చదునుగా ఉండదు, ఎడమా కుడీ వంపు కూడా ఒకటి కాదు. పలక మీద సుద్దపొడి రాసి, గుర్రం పెట్టి కొద్దిగా కదిపితే ఎత్తుగా ఉన్నచోట్ల సుద్ద అంటుకుంటుంది. పదునైన కత్తితో ఆ మచ్చల్ని మాత్రమే పొరగా తీయాలి. మళ్ళీ పెట్టాలి, మళ్ళీ తీయాలి. అడుగంతా సుద్ద సమంగా అంటేదాకా ఇదే. పలక మీద గరుకు కాగితం పరిచి గుర్రాన్ని రుద్దితే త్వరగా అవుతుంది కానీ, చెయ్యి ఊగి అడుగు గుండ్రమవుతుంది. ఇంకో చిక్కుంది: తీగలు బిగిస్తే గుర్రం కాళ్ళు పక్కలకు విచ్చుకుంటాయి. బిగువు లేనప్పుడు సరిగ్గా కూర్చున్న పాదం బిగించాక అంచున లేస్తుంది. అందుకే తెలిసినవాళ్ళు కాళ్ళ మధ్య చిన్న మరసాధనం పెట్టి, కొద్దిగా విచ్చదీసి ఉంచి చెక్కుతారు. పాదం అంచుల్ని పలుచన చేయడమూ అవసరమే.

చోటు: పైపలకకున్న రెండు ఎఫ్ ఆకారపు రంధ్రాల లోపలి గాట్లు కలిపే గీత మీద. మంద్ర తీగ వైపు పాదం కింద, పలక లోపల, పొడవాటి బద్ద ఉంటుంది. రెండో పాదానికి కాస్త వెనుక, లోపలే, నాదస్తంభం అనే చెక్క కడ్డీ నిలబడుతుంది. తీగలన్నీ ఒకేసారి వదిలితే ఆ స్తంభం పడిపోవచ్చు. గుర్రం మార్చేటప్పుడు ఈ సంగతి మరవద్దు.

ఎత్తు: వేళ్ళపలక చివర తీగకూ ఆ పలకకూ మధ్య ఎడం. పెద్ద చెల్లోలో పైతీగ దగ్గర ఐదు మిల్లీమీటర్లు, మంద్ర తీగ దగ్గర ఎనిమిది, దాదాపుగా. చిన్నవాటికి ఇంకా తగ్గాలి. కానీ మంద్ర తీగను పైతీగంత దించితే మోత రేగుతుంది. సడలుగా ఉండే ఆ తీగ విశాలంగా ఊగుతుంది కాబట్టి. ఎత్తు ఎక్కువైతే ఏడేళ్ళ పిల్లవాడి వేలు నొప్పెడుతుంది. అప్పుడు పెద్దలు “వీడికి సాధన మీద శ్రద్ధ లేదు” అంటారు. శ్రద్ధను నిందించే ముందు ఎత్తు కొలిచి చూడాలి. ఊటీ కొండ మీది బోర్డింగు స్కూలులో చదివే పిల్లవాడు ఏప్రిల్ సెలవులకు మేట్టుపాళయం దిగితే ఈ కొలత మళ్ళీ మారుతుంది. తేమలో చెక్క ఉబ్బి తీగలు లేస్తాయి. మైదానపు ఎండలో ఆరి దిగుతాయి.

వంపు: చదునైతే కమాను రెండు తీగల్ని తాకుతుంది. మరీ గుండ్రమైతే చివరి తీగలు వాయించేటప్పుడు అది వాయిద్యపు నడుముకు తగులుతుంది.

గాట్లు: తీగ మందంలో సగం కన్నా లోతు వద్దు. పెన్సిల్ ములుకు రాస్తే తీగ సాఫీగా జారుతుంది.

వాలు: శృతి చేసిన ప్రతిసారీ తీగ గుర్రం తలను వేళ్ళపలక వైపు లాగుతుంది. వెనుక ముఖం నిటారుగా ఉందో లేదో వారానికొకసారి చూసి, రెండు చేతులతో మెల్లగా వెనక్కి సరిచేయాలి. ఉపేక్షిస్తే చెక్క వంగిపోతుంది.

సగం మిల్లీమీటరు తేడా చేతికి తెలిసిన మనుషులు కోయంబత్తూరు వర్క్‌షాపుల్లో ఉన్నారు. 1937లో దేశంలో తొలి విద్యుత్ మోటారు జి.డి.నాయుడు, డి.బాలసుందరం నాయుడు తయారుచేసిన ఊరది. ఆ వర్క్‌షాపుల వాళ్ళలో ఒకరిద్దరు గుర్రం చెక్కే పని నేర్చుకుంటే చాలు. పిల్లలకు చెల్లో కొనే తల్లిదండ్రులారా, వాయిద్యం ధరలో కొంత తగ్గించుకునైనా గుర్రం చెక్కించడానికి డబ్బు వేరుగా ఉంచండి.