యూదుల పిల్లల వేసవి శిబిరములు

తల్లి నోటినుండి బిడ్డ నోటికి రావలసిన భాష నడుమ తెగిపోయినచో, దానిని మరల నతికించుట సాధ్యమగునా? అమెరికాలోని యూదులకు నూఱేండ్లక్రిందట ఈ ప్రశ్న యెదురయ్యెను. బడులును ప్రార్థనామందిరములును చాలవని తోఁచి, వారు దీనికి సమాధానమును అడవులలో, చెఱువుగట్టులపై, పిల్లల వేసవిసెలవులలో వెదకిరి. ఆ కథయే నేఁటి నా ప్రసంగవిషయము.

1881లో రష్యాచక్రవర్తి రెండవ అలెగ్జాండరు హత్యకు గుఱియయ్యెను. ఆ నేరమును యూదులపై మోపి, అల్లరిమూఁకలు వారి యిండ్లపైఁ బడి దోఁచుకొన్నవి. దానికిఁ దోడు దారిద్ర్యము, కఠినశాసనములు. అది మొదలు 1924లో అమెరికా ప్రభుత్వము వలసలను గట్టిగా నరికట్టు శాసనమును చేయువఱకు, ఇరువదిలక్షలకుఁ బైగా యూదులు తూర్పు ఐరోపానుండి అమెరికాకు తరలిపోయిరి. వారిలోఁ బెక్కండ్రు న్యూయార్కు నగరమున లోయరు ఈస్టు సైడు అను పేటలో ఇఱుకుగదులలోఁ గాపురముండి, బట్టలు కుట్టి పొట్ట పోసికొనిరి. ఆ గదులలో గాలియు వెలుతురును తక్కువ, క్షయరోగము ఎక్కువ.

ఆ పేటలోని పిల్లలకు వేసవిలోఁ గొన్నిదినములైనను మంచిగాలియు, కడుపునిండ తిండియు దొరకవలెనని దాతలు తలంచిరి. 1902లో హడ్సను నదీప్రాంతమున, కోల్డు స్ప్రింగు అను నూరి చెంత, 'సర్‌ప్రైజు లేకు' శిబిరము అట్లు ఏర్పడినదే. తరువాతికాలమున హాస్యనటుఁడుగాఁ బ్రసిద్ధికెక్కిన ఎడ్డీ క్యాంటరు బాల్యమున అక్కడ వేసవి గడపినవాఁడు. నాఁటి శిబిరములకు ఆరోగ్యము ప్రధానము. వలసవచ్చినవారి బిడ్డలను అమెరికా పౌరులుగాఁ దీర్చిదిద్దుటయు దాతల యుద్దేశములలో నొకటి.

ఆ రెండవ యుద్దేశము మిక్కిలి బాగుగా నెఱవేఱినది. అందుండియే క్రొత్తచింత పుట్టినది. పిల్లలు బడిలో ఆంగ్లము నేర్చిరి. వీధిలో ఆంగ్లమునే మాటలాడిరి. ఇంట తల్లి తన భాషలోఁ బిలిచిన ఆంగ్లమున బదులు చెప్పసాగిరి.

ఇచ్చట యూదుల భాషలను గుఱించి రెండుమాటలు మనవి చేయవలెను. హీబ్రూ వారి వేదభాష. ప్రార్థనయు శాస్త్రాధ్యయనమును అందులోనే. మనకు సంస్కృతమెట్టిదో వారికి అది యట్టిది. యిద్దిషు తూర్పు ఐరోపా యూదుల యింటిభాష. జర్మనుభాషకు చుట్టము, హీబ్రూలిపిలో వ్రాయఁబడును. జోలపాటయు, సామెతయు, బేరసారములును యిద్దిషులో జరుగుచుండెడివి. ఇరువదవశతాబ్దారంభమున పాలస్తీనాలో హీబ్రూ మరల వాడుకభాషయై లేచుచుండఁగా, అమెరికాలో యిద్దిషు పిల్లల నోట క్షీణించుచుండెను.

పగలంతయు బడిలోఁ గూర్చుండి వచ్చిన బాలునకు సాయంకాలము ఇంకొకబడి పెట్టి హీబ్రూ చెప్పించిరి. అలసిన బాలునకు ఆ రెండవబడి శిక్షవలెఁ దోఁచెను. ఈ లోపమును గమనించిన విద్యావేత్తలు సెలవులవైపు చూపు త్రిప్పిరి. 1919లో న్యూయార్కులోని ఒక యూదవిద్యాసంస్థ, ఆల్బర్టు స్కూల్మను అను నుపాధ్యాయుని నాయకత్వమున, సెజ్విన్ అను శిబిరమును నెలకొల్పెను. ఆటపాటల నడుమనే ధర్మమును సంప్రదాయమును నేర్పుట దాని పద్ధతి.

1923లో రైన్‌బెక్కు అను నూరివద్ద, యిద్దిషును ప్రేమించువారు బోయిబెరిక్ అను శిబిరమును స్థాపించిరి. షోలెం అలైకెం అను మహాకథకుని కథలలో తెవ్యే అను పాలవాఁడు వేసవి విడుదులకు పాలును వెన్నయుఁ దీసికొనిపోయి అమ్మెడి యూరిపేరే ఆ శిబిరమునకుఁ బెట్టిరి. లైబుష్ లేరెర్ అను విద్వాంసుఁడు చిరకాలము దానికి పెద్దగా నుండెను. పిల్లలు తమలోఁ దాము ఆంగ్లము మాటలాడుకొన్నను, పాటలు, నాటకములు, పండుగలు యిద్దిషులో నడచెడివి. వేసవి కడపట నానాజాతుల వేషములు ధరించి, ఆయాజాతుల పాటలు పాడి, లోకశాంతిని గోరు పండుగ యొకటి చేయుచుండిరి.

1941లో హీబ్రూపక్షమువారు మసాద్ అను శిబిరమును ఆరంభించిరి. ష్లోమో షుల్సింగరు దానికి సారథి. న్యూయార్కున చిన్నగా మొదలై, పిదప పెన్సిల్వేనియా రాష్ట్రమున పోకొనో కొండలకు మాఱినది. దాని నియమము కఠినము: లేచినది మొదలు పండుకొనువఱకు హీబ్రూయే మాటలాడవలెను. చిక్కు ఎక్కడ వచ్చినదనఁగా, అమెరికా పిల్లలకు బేసుబాలు ఆట ప్రాణము. ప్రవక్తల భాషలో బేసుబాలుకు మాటలెక్కడివి? అయినను వారు వెనుదీయలేదు. బంతి విసరువానికి, కొట్టువానికి, పట్టువానికి హీబ్రూలోఁ బేళ్లు కల్పించి, శిబిరము కొఱకే యొక నిఘంటువును గూడ అచ్చువేసిరి. ఆటలోఁ గేక వేయుటకు మాట దొరికినపిదప బాలునకు ఆ భాష పరాయిది కాలేదు.

1947లో విస్కాన్సిను రాష్ట్రమున కానోవరు అనుచోట రామా శిబిరము వెలసినది. రామా యనఁగా ఉన్నతస్థానము. న్యూయార్కులోని యూదధర్మవిద్యాలయము దీనికి పోషకము. అక్కడి దినచర్యను వినుఁడు. తెల్లవాఱఁగానే పిల్లలు లేచి, పక్కలు సర్దుకొని, ప్రార్థనకుఁ జేరుదురు. పిమ్మట ఉపాహారము, గుడిసెలను ఊడ్చుకొనుట, చెట్టునీడను పాఠము. అటుపిమ్మట ఈఁత, పడవ నడపుట, బంతియాట, చేతిపనులు, నాటకమునకు అభ్యాసము. రాత్రి మంటచుట్టు కూర్చుండి పాటలు. భోజనశాలలో మాంసమును పాలును కలుపరాదన్న వారి యాచారము తప్పక పాటింపఁబడును.

వారమంతయు ఒక యెత్తు, శుక్రవారపు సాయంకాలము ఒక యెత్తు. అందఱును స్నానము చేసి తెల్లని దుస్తులు ధరింతురు. సూర్యాస్తమయమునకు ముందు దీపములు వెలిగింతురు. ద్రాక్షారసముపై ఆశీర్వచనము, జడవలె అల్లిన రెండు రొట్టెలు, భోజనానంతరము బల్లలపై దరువు వేయుచు పాటలు. శనివారము రాత్రి, నక్షత్రములు పొడమినపిదప, పెక్కువత్తుల క్రొవ్వొత్తి వెలిగించి, సుగంధద్రవ్యములు వాసన చూచి, ఆ జ్వాలను ద్రాక్షారసమున ముంచి యార్పుదురు. విశ్రాంతిదినమునకు అది వీడ్కోలు.

వేసవిలో వచ్చు ఒక శోకదినము కలదు. వారి 'అవ్' మాసపు తొమ్మిదవతిథి, యెరూషలేములోని దేవాలయము క్రీ.పూ. 586లో ఒకసారి, క్రీ.శ. 70లో మఱియొకసారి ధ్వంసమైనదనుటకు స్మారకము. పట్టణమున బడులకు సెలవులగుటచే పిల్లలు దానిని ఎఱుఁగకయే పెరుఁగుచుండిరి. శిబిరములలో ఆ రాత్రి దీపములు తగ్గించి, నేలపైఁ గూర్చుండి, క్రొవ్వొత్తుల వెలుఁగున విలాపగ్రంథమును చదువుదురు. మధ్యాహ్నము నీటిలోఁ గేరింతలు కొట్టిన బాలుఁడు రాత్రి తన జాతి దుఃఖమును వినుచుండెను.

ఆ దుఃఖము పురాతనము మాత్రమే కాదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున హిట్లరు ప్రభుత్వము అఱువదిలక్షల యూదులను చంపించినది. వారిలో అధికసంఖ్యాకులు యిద్దిషు మాటలాడువారే. ఆ మారణహోమమునుండి బయటపడినవారు కొందఱు 1959లో న్యూయార్కు రాష్ట్రమున హెమ్‌షెక్ అను శిబిరమును పెట్టిరి. ఆ మాటకు 'కొనసాగింపు' అని యర్థము. చచ్చిపోయిన తోడిపిల్లల భాషను తమ పిల్లలచేఁ బాడించుట వారి సంకల్పము.

ఫలితమేమి? దాఁచక చెప్పవలెను. బోయిబెరిక్ 1979లో మూఁతపడినది. హెమ్‌షెక్ ఆ దశాబ్దాంతముననే ముగిసినది. మసాద్ 1981లో తలుపులు మూసినది. రామా శిబిరములు అనేకమై నేఁటికిని నడచుచున్నవి; కాని వానిలోను సంభాషణ చాలవఱకు ఆంగ్లమే. గుడిసె, భోజనశాల, చెఱువు మొదలగువానికి హీబ్రూపేళ్లు నిలిచినవి. పాటలు, ప్రార్థనలు నిలిచినవి. ఎనిమిదివారముల వేసవి, నలువదినాలుగువారముల యింటిని, వీధిని జయింపలేకపోయెను.

అట్లని ఆ ప్రయత్నము వ్యర్థమనుట న్యాయము కాదు. ఆ శిబిరములలోఁ బెరిగినవారిలో ఎందఱో తరువాత ధర్మాచార్యులు, ఉపాధ్యాయులు, పండితులు అయిరి. నిన్న శిబిరమున బాలుఁడుగా నున్నవాఁడు నేఁడు అదేశిబిరమున చిన్నవారికి పెద్దన్నయై పాట నేర్పును. పదునెనిమిదేండ్ల యువకుఁడు ఆటలో జయించి, చెమటతో వచ్చి ప్రార్థనకు నిలువఁబడినచో, పదేండ్లవాఁడు వానిని చూచి నిలువఁబడును. నూఱు ఉపదేశములు చేయలేని పని యది.

నేను ముప్పదియైదేండ్లు పిల్లలకు తెలుఁగు చెప్పితిని. సంధిసూత్రము ఒప్పగింపని బాలుని బల్లయెక్కించితిని. సెలవుదినమున ఏటియొడ్డున వారితో పద్యము పాడుకొనుచు నడచినదినములు వ్రేళ్లమీఁద లెక్కింపవచ్చును. నేఁడు తలనెఱసిన శిష్యులు ఎదురైనప్పుడు వారు తలఁచుకొనునది ఆ కొలఁదిదినములనే. సూత్రము ఒక్కరికిని జ్ఞప్తి లేదు.

మన యూళ్లనుండియు బిడ్డలు అమెరికాకుఁ బోయి స్థిరపడిరి. వారి పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు, తాతకును మనుమనికిని నడుమ భాష అడ్డమై నిలుచుట మీలోఁ గొందఱకు అనుభవమే. ఆ నాలుగువారములు వానిముందు వాచకము తెఱవకుఁడు. పొలమునకుఁ గొనిపొండు, చెఱువుగట్టునఁ గూర్చుండఁబెట్టుఁడు, చెట్టుపేరు, పిట్టపేరు, వంటపేరు చెప్పి, ఒక పాట నేర్పి పంపుఁడు. అంతమాత్రమున భాష నిలుచునని నేను పూచీపడలేను. యూదుల చరిత్రయు అట్లు చెప్పుటలేదు. వాఁడు మఱుసటియేఁట మరల రావలెనని కోరును. తక్కినపని వాని తలిదండ్రులు తమ యింట నడపవలసినది.