దారిలోనే వైద్యము

ఎవరైన రోడ్డుమీద గాయపడినచో 108కి ఫోను చేయవలెనని నేడు తెలుగునాట పిల్లలకు సహితము తెలియును. ఆ సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైనది. ఆ వాహనములో రోగి ప్రక్కన కూర్చుండి ప్రాణవాయువు నందించు వ్యక్తి డాక్టరు కాడు. ఆ పనికై శిక్షణ పొందినవాడు. ఇట్టివారిలో పై తరగతి శిక్షణ కలవారిని పాశ్చాత్య దేశములలో పారామెడిక్కులందురు. డాక్టరు కానివాని చేతిలో ప్రాణము నుంచవచ్చునను నమ్మకము లోకమునకు ఎట్లు కలిగినది? అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగర చరిత్రలో దీనికి కొంత సమాధానము కలదు.

1960 దశకములో ఆ దేశమున అంబులెన్సు అనగా రోగిని మోసుకొనిపోవు బండి మాత్రమే. అనేక పట్టణములలో అంత్యక్రియలు జరిపించు సంస్థలవారే తమ శవవాహనములలో రోగులను కూడ చేరవేయుచుండిరి. పిట్స్‌బర్గ్‌లో ఆ పని పోలీసులది. రోగిని బండిలో పరుండబెట్టి వేగముగా నడుపుటయే వారెరిగిన చికిత్స. నల్లజాతివారు నివసించు హిల్ డిస్ట్రిక్టు పేటలో పిలిచినను బండి సకాలమునకు వచ్చునను ఆశ లేకుండెను.

ఈ లోపము పేదలనే గాక పెద్దలను కూడ బాధించినది. 1966 నవంబరులో ఆ రాష్ట్ర మాజీ గవర్నరు డేవిడ్ లారెన్స్ ఒక ఎన్నికల సభలో కుప్పకూలెను. పోలీసు బండిలో ఆసుపత్రికి చేర్చిరి. గుండె మరల కొట్టుకొనినను ఆయనకు స్పృహ రాలేదు. మూడు వారములు నిండకమునుపే మరణించెను. కొన్ని నిముషములు ప్రాణవాయువు అందకున్న మెదడు చెడిపోవునని వైద్యులకు తెలియును. ఆ నిముషములు గడచునది ఆసుపత్రిలో కాదు, దారిలో.

ఈ సత్యమును బాగుగా గ్రహించినవాడు డాక్టరు పీటర్ సాఫర్. వియన్నాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఈ మత్తువైద్యుడు, నోటితో ఊపిరూది శ్వాస నిలుపు పద్ధతిని 1950 దశకములో ప్రయోగములతో నిరూపించెను. అదే 1966లో ఆయన చిన్నారి కుమార్తె ఉబ్బసముతో మరణించినది. హిల్ డిస్ట్రిక్టులో కూరగాయలు ఇంటింటికి చేర్చుచుండిన ఫ్రీడమ్ హౌస్ అను సంస్థతో, ఫిలిప్ హాలెన్ అను దాతృసంస్థ అధికారి చొరవవలన ఆయనకు పొత్తు కుదిరినది. 1967లో ఫ్రీడమ్ హౌస్ అంబులెన్సు సేవ ఏర్పడినది.

అందు చేరినవారందరు నల్లజాతివారు. అనేకులకు అంతకుముందు ఉద్యోగము లేదు; కొందరు హైస్కూలు చదువు ముగించలేదు. పనికిరానివారని లోకము త్రోసివేసిన అట్టివారికి సాఫర్ సుమారు 300 గంటల శిక్షణ నిప్పించెను. శరీరనిర్మాణము, శ్వాసమార్గమును తెరచుట, గుండెను నొక్కి నడిపించుట, ప్రసవము చేయుట వారు నేర్చిరి. తరువాత గొంతులో గొట్టము వేయుట, విద్యుత్తుతో గుండె లయను సరిచేయుట కూడ అలవరచుకొనిరి. ఆసుపత్రి గదిలో జరుగవలసిన చికిత్స ఇంటి మేడమెట్లపైననే మొదలైనది.

1974లో డాక్టరు నాన్సీ కెరోలిన్ ఈ సేవకు వైద్యాధిపతి అయ్యెను. ఆమె వారితోపాటు బండిలో తిరిగి, ఆ అనుభవముతో అమెరికా దేశమంతటికి పనికివచ్చు పారామెడిక్కు పాఠ్యక్రమమును రచించెను. అయినను, 1975లో నగరపాలకులు స్వంత అంబులెన్సు శాఖను స్థాపించి ఫ్రీడమ్ హౌస్‌ను మూసివేసిరి. పాతవారిని చేర్చుకొనిరి గాని, పెక్కుమందిని చికిత్సకు దూరమైన పనులలో నియమించిరి. కొందరిని పరీక్షల మిషతో తొలగించిరి. కొలదికాలములోనే వారిలో అధికభాగము వెలుపలనుండిరి. వారు రోగుల నడుమ నిలిచి రూపుదిద్దిన పాఠములను అన్యులు చదివి ఉద్యోగములు పొందిరి.

నేడు సైరను మ్రోగించుచు పోవు బండికి మనము దారి యిత్తుము. ఆ బండిలోని మనిషికి డాక్టరు పట్టము లేకున్నను మన ప్రాణమును అప్పగింతుము. అట్టి నమ్మకమునకు తాము అర్హులమని తొలుత నిరూపించినవారిలో హిల్ డిస్ట్రిక్టు యువకులు కలరు. వారి పేరు మరువరాదు.