గేటు లోపలి గంటలు

ఇల్లెందు దగ్గర 1871లో విలియం కింగ్ బొగ్గు కనిపెట్టాడని బళ్లో పిల్లలకు నేనే చెప్తాను. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వకం హక్కులొచ్చాయి, 1920లో అది సింగరేణి కాలరీస్ అయింది. ఇదంతా పుస్తకాల్లో ఉంది. ఆ బాయిలకు నాలుగు కోసుల దూరంలో మా తాత దొర కొట్టంలోకి ఏ పొద్దున పోయేటోడో, ఏ రాత్రి వచ్చేటోడో ఏ పుస్తకంలోనూ లేదు.

తాత పాలేరు. పెళ్లికి తెచ్చిన అప్పుకింద జీతమున్నాడు. కోడి కూయకముందే పేడ ఎత్తాలి, గడ్డెయ్యాలి, నాగలి కట్టాలి. రాత్రి చేనుకు కావలి. నాన్న పుట్టిన సంగతి ఆయనకు మూడోనాడు తెలిసిందట. యువకులు వారానికి 70 గంటలు పనిచేయాలని 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు సెలవిచ్చారు. తాతకు ఆ 70 శుక్రవారానికే నిండేవి.

అంబేద్కర్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడు. ఫ్యాక్టరీల్లో వారం పనిని 54 గంటల నుంచి 48కి దించిన సవరణ 1946లో వచ్చింది. 1952 గనుల చట్టం భూమి కింద రోజుకు 8 గంటలే అంది. అవన్నీ గేటు లోపలి గంటలు. చేనుకు గేటేదీ? 1976 వెట్టి రద్దు చట్టం కాగితం మీద తాత అప్పు కొట్టేసింది. పొద్దు మాత్రం దొరదే.

నాన్న బదిలీ ఫిల్లర్‌గా బాయి దిగాడు. తట్టతో బొగ్గు మోసి టబ్బులు నింపడం. బాయిని నేను పొగడటం లేదు, పైకప్పు కూలి పోయినోళ్లు మా వాడలోనే ఉన్నారు. అయినా నాన్న అనేవాడు: "బాయిల దిగినోడికి ఎక్కుడుంటది బిడ్డా. కొట్టంల ఎక్కుడే లేదు." సైరన్ మోగితే ఆయన్ని పిలిచేటోడు లేడు. యూనియన్ ఆఫీసులో కూచునేవాడు, పేపర్ కూడబలుక్కుని చదివేవాడు, నా పలక పట్టుకునేవాడు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. అది ఆ మిగిలిన గంటల్లోంచే వచ్చింది.

మరి అమ్మ? నాన్న మూడు షిఫ్టులకూ ఆమె ఒక్కతే. ఆమె గంటలు ఏ మస్టర్‌లోనూ పడలేదు. తెలంగాణ ప్రభుత్వం 2025 జులైలో వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పనికి అనుమతిచ్చింది, వారానికి 48 దాటకూడదన్నది. దాని మీద మనం కొట్లాడాలి, సరే. ఇళ్లల్లో ముసలోళ్ల పొద్దుల లెక్క కూడా అడిగి రాసుకోవాలి. నేను అమ్మతో మొదలుపెట్టాను. తునికాకు కాలంలో ఒక రోజు: చీకటితోనే సద్ది కట్టుకుని అడవికి. ఎండ ముదిరేదాకా కోత. ఇంటికొచ్చి వంట. మధ్యాహ్నం కట్టకు 50 ఆకుల చొప్పున లెక్కపెట్టి నారతో కట్టడం. సాయంత్రం కల్లం దగ్గర వరస. తర్వాత నీళ్లు, మళ్లీ వంట, రాత్రి షిఫ్టుకు నాన్న డబ్బా.