పడవపై ఇంటి విద్యుత్తు

విశాఖపట్నమున జాలరిపేట వారు తెప్పలపై వేటకు పోయిన కాలమున సముద్రముపై విద్యుత్తుతో పని లేకుండెను. డీజెలు మరపడవలతో బాటరీ వచ్చినది. వేట దినములు పెరిగినకొలది ఇంటి దీపము, పంకా కూడ కావలసివచ్చినవి. చిక్కు ఇక్కడనే కలదు. బాటరీ ఇచ్చునది ఒకే దిశలో పారు 12 వోల్టుల ప్రవాహము. ఇంటి పరికరములు కోరునది సెకండుకు 50 మారులు ముందువెనుకలకు ఊగు 230 వోల్టుల ప్రవాహము.

ఈ మార్పునకు తొలుత తిరుగుడు యంత్రములే దిక్కు. బాటరీతో మోటారు తిరిగి జనరేటరును త్రిప్పెడిది. బరువు, చప్పుడు, నష్టము మూడును హెచ్చే! 1925లో అమెరికా ఇంజనీరు డేవిడ్ ప్రిన్స్, తిరుగు భాగములు లేకుండ నాళికలతోనే ఈ పని చేయు విధమును ‘ఇన్వర్టరు’ అను శీర్షికతో ప్రకటించెను. 1957లో థైరిస్టరు, పిదప బలమైన ట్రాన్సిస్టర్లు వచ్చి దానిని చిన్న పెట్టెలో ఇమిడ్చినవి.

అయితే ఆ పెట్టె శక్తిని పుట్టింపదు. 1000 వాట్ల విద్యుత్ పొయ్యి, నష్టములతో కలిపి, బాటరీనుండి 90 ఆంపియర్లకు పైగా లాగును. సన్నని తీగ కాలిపోవచ్చును; 100 ఆంపియర్-గంటల బాటరీ గంటలోపే వట్టిపోవును. ఇంజనును కదలించు బాటరీయు అదే అయినచో పడవ నడిసంద్రమున నిలిచిపోవును. అందుచేత ఇన్వర్టరుకు వేరు బాటరీ ఉండవలెను. 10 వాట్ల దీపమునకు ఒక ఆంపియరు చాలును. వంటను గ్యాసు పొయ్యికి విడుచుటయే మేలు.